సముద్రానికి జ్వరం

మూడువేల ఏళ్ల కిందట ఒక ఊరు ఎందుకు ఖాళీ అయిందో హైమకు తెలిసిపోయింది. అన్నీ తెలిసిపోయినవాళ్ల నడకే వేరు. ఆ నడకతోనే సలోమీ గారి పెరట్లోకి వచ్చింది.

"సముద్రానికి జ్వరమొచ్చింది మేడమ్. చేపలు పోయాయి, వాటి వెనకే జనం పోయారు. సోమవారం పరిశోధకుల సభలో ఇదే చెబుతున్నా."

ఆ ఊరివాళ్లు తిని పారేసిన గుల్లల దిబ్బ ఒకటి తీరంలో ఉంది. గుల్ల పెరిగేటప్పుడు ఆనాటి నీటి వేడిని పెంకులో దాచుకుంటుంది. ఆ పెంకును పొడి చేసి, యంత్రంలో పెట్టి, పాత సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో తేల్చడం హైమ పరిశోధన. ఆ విద్య నేర్పింది సలోమీ గారే. హైమ ఎండాకాలాలన్నీ ఆ దిబ్బ మీదే మాడిపోయాయి.

"ఊరు ఖాళీ అయ్యేముందటి పొర ఉంది చూడు, అందులో గుల్లలు ఎక్కడ ఏరావు?"

"బొగ్గు దొరికిన చోటే. బొగ్గుంటేనే కదా కాలం కచ్చితంగా తేలేది! నల్లబడ్డవి పారేసి తెల్లటివే కొలిచాలెండి. నేనేమన్నా తెలివితక్కువదాన్నా?"

"ఎవరన్నారు?" అంటూ సలోమీ గారు లేచారు.

పొద్దున కొన్న గుల్లల బుట్ట అరుగు మీద ఉంది. సగం పచ్చిగానే కత్తితో విప్పి పక్కన పెట్టారు. మిగతా సగం కుంపట్లో నిప్పుల మీద పరిచారు. అవి టపటపా నోళ్లు తెరిచాయి. మిరియాలు చల్లుకుని ఇద్దరూ తిన్నారు. తింటున్నంతసేపూ హైమ నోట సభ మాటే. కాల్చి తిన్నవాటి పెంకుల్ని మేడమ్ మళ్లీ నిప్పుల్లోకే విసిరారు. చల్లారాక నల్లబడ్డవి ఏరి పారేసి, తెల్లటివి తోమారు. పచ్చివీ కాల్చినవీ రెండు సంచుల్లో వేసి ఇచ్చారు.

"వీటినీ కొలువు. సోమవారంలోపు."

"మూడువేల ఏళ్ల సముద్రాన్ని తేల్చినదానికి, ఇవాళ్టి సముద్రం ఒక లెక్కా?" అని గొణుక్కుంటూనే తీసుకెళ్లింది.

శనివారం మళ్లీ వచ్చింది. ఆ నడక లేదు.

"ఒక సంచీ మన సముద్రం మామూలుగానే ఉందంటోంది మేడమ్. రెండోది జ్వరమంటోంది. నా దిబ్బకొచ్చిన జ్వరమే."

"రెండూ ఒకే బుట్టలోవి."

హైమ కుంపటి వంక చూసింది. జ్వరం సముద్రానిది కాదు, నిప్పులది. ఏడవలేదు. ఏడ్చే రకమైతే మొదటి ఎండాకాలానికే దిబ్బ దిగి పారిపోయేది.

"సభలో తప్పు ఒప్పుకుంటాను. మర్నాడే దిబ్బకు పోతాను. ఈసారి బొగ్గుకు దూరంగా తవ్వుతాను."

మేడమ్ మూలనున్న జల్లెడ తెచ్చి చేతికిచ్చారు.

"మరి ఆ ఊరి గురించి సోమవారం ఏం చెప్పను?"

"పోయారని చెప్పబోయావుగా. ఆ పూట గుల్లలు కాల్చుకుని తిన్నారని చెప్పు."