నీళ్లంటే భయం

"పేరు విప్పడం వచ్చేసిందంటే జబ్బు చేతికి చిక్కినట్టే కదండీ మాస్టారూ?" అని అడిగింది హెప్సిబా.

ఒబేదు మాస్టారి వసారాలో ఆ సాయంత్రం ఐదుగురు నర్సింగు పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. మాస్టారు వయసులో ఉన్నప్పుడు పాస్టరు అవుదామని వేదాంత పాఠశాలలో చేరి, సువార్తలు చదవడానికి గ్రీకు నేర్చుకుని, చివరికి పాస్టరు కాకుండా బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. నోరు తిరగని జబ్బుల పేర్లన్నీ రొయ్యలు ఒలిచినట్టు ఒలిచి ఆ పిల్లలకు చెప్పేవారు. కార్డియా అంటే గుండె. హైమా అంటే నెత్తురు. ఆల్గోస్ అంటే నొప్పి.

అందరికంటే ఎక్కువ మురిసిపోయేది హెప్సిబాయే. ఏ సముద్రాల అవతలో, ఎన్ని వేల ఏళ్ల కిందటో ఎవరో పలికిన మాటలు ఇవాళ తన నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయంటే ఆ పిల్లకు ఒళ్లు పులకరించేది. ఒక్కో మాటా పాత పెట్టెలోంచి తీసిన పట్టుగుడ్డలా ఉండేది. "న్యురాల్జియా! ఎంత ముద్దుగా ఉందో చూడండి," అనేది.

"నీ ముద్దు మండిపోనూ, అది నరాల నొప్పే!" అనేది పక్కనున్న సలోమి. "రేపు పెళ్లిచూపులకు వచ్చినవాణ్ణి కూడా పేరు అడిగి రెండు ముక్కలు చేస్తావు నువ్వు."

ఆ రోజూ అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆయన వాదన పెట్టుకునే మనిషి కాదు. ఎవరేం అడిగినా ఏదో ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు చెప్పిన సంగతి మాత్రం అంతకుముందు ఎవరికీ చెప్పింది కాదు.

అప్పటికి ఒబేదుకు ఇరవై ఆరేళ్లు. కొల్లేటి లంకల్లో ఒక ఊరి బడిలో కొత్తగా చేరాడు. చుట్టూ నీళ్లు, నీళ్ల మీద పిట్టలు, తెల్లారితే పడవలు. ఆ ఊళ్లో ఇంగ్లీషు ముక్క చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని మందు చీటీలూ కోర్టు కాగితాలూ అన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఇంగ్లీషు చదివి చెప్పడం ఏముంది, ఎవరైనా చెప్తారు. తాను నేర్చుకున్న గ్రీకు ఎవరికీ అక్కరలేకుండా పోయిందే అని మాత్రం అతనికి లోపల్లోపల దిగులుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, తరగతి జరుగుతుండగా, తిరుపతమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేపలు పట్టే నాంచారయ్య భార్య ఆమె. మొగుణ్ణి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి రేవులో పడవలోనే పడుకోబెట్టి, చీటీ పట్టుకుని పరుగున వచ్చింది.

"అయ్యగారూ, డాక్టరుగారు ఏదో రాసి, పెద్దాసుపత్రికి పొండి అన్నారండి. ఏం జబ్బని అడిగితే ఇసుక్కున్నారు. ఇందులో ఏముందో మీరన్నా చెప్పండి."

చీటీలో ఒకటే మాట ఉంది. హైడ్రోఫోబియా.

ఆ మాట చూడగానే ఒబేదు గుండె, ఏళ్ల తర్వాత చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు ఎగిరింది. సుద్దముక్క తీసుకున్నాడు. నల్లబల్ల మీద ఆ మాటను గ్రీకు అక్షరాల్లో రాశాడు. తరగతి అంతా నోళ్లు తెరుచుకుని చూసింది. మధ్యలో గీత గీసి, "ఇది హుదోర్, అంటే నీళ్లు. ఇది ఫోబోస్, అంటే భయం," అన్నాడు. "నీళ్లంటే భయం. అదీ నీ మొగుడికున్నది."

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. నవ్వింది.

"నీళ్లంటే భయమా! పడవలో పుట్టినోడికా? భలే రాశారండీ డాక్టరుగారు!" అంది. అంతలోనే ఆలోచనలో పడింది. "నిజమేనండోయ్. పొద్దున చెంబుతో నీళ్లిస్తే గజగజా వణికి ఇసిరికొట్టాడు. కళ్లారా చూసినట్టు రాశారే!"

"అదీ ఆ భాష గొప్ప," అన్నాడు ఒబేదు.

ఆమె ముఖం తేటపడింది. ఎవరికీ అంతుపట్టనిదేదో పేరు పెట్టించుకుని కళ్ల ముందు నిలబడింది. భయమే కదా. భయమైతే పోతుంది. "అయితే పెద్దాసుపత్రి దాకా ఎందుకులెండి, ఇంటికే తీసుకుపోతాను," అంటూ చీటీ మడిచి రొంటిన దోపుకుంది. గడప దిగుతూ, తనలో తాను అనుకున్నట్టు, "నెల కిందట ఆ ఎర్రకుక్క ఎగబడి ఇద్దరినీ పీకిందండీ, అప్పుడు జడుసుకున్నాడేమో ఎర్రిమొకం," అంది. ఆమె పిక్క మీద కాటుకు అద్దిన పసుపు మరక ఇంకా ఉంది.

ఒబేదు విన్నాడు. మరకనూ చూశాడు. పిచ్చికుక్క కాటుకు వచ్చే జబ్బు అదేనని అతనికి తెలుసు. నీళ్లు చూసి వణికే దాకా వచ్చాక మందు లేదనీ తెలుసు. అదే కుక్క కరిచిన ఇంకో మనిషికి జబ్బు పైకి రాకముందే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపిస్తే బతికే వీలుందనీ తెలుసు. ఇవన్నీ చదువుకున్నవే. నోటి దాకా వచ్చినవే.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరుగారు కిటికీలోంచి తొంగిచూసి, "ఏమయ్యా ఒబేదూ, గ్రీకే! మన లంకలో గ్రీకు!" అన్నారు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. అన్నాళ్లకు ఒకరు గుర్తించారు. పిల్లలు ఆ వంకర అక్షరాలను పలకల మీద ఎక్కించుకుంటున్నారు. అంత చల్లటి గడియలో, నవ్వుకుంటూ వెళ్తున్న మనిషిని వెనక్కి పిలిచి చావు మాట చెప్పడానికి మనసు ఒప్పలేదు. సాయంత్రం వెళ్లి నెమ్మదిగా చెబుదాం అనుకున్నాడు. సాయంత్రం వాన పట్టుకుంది. మర్నాడు నాంచారయ్య పోయాడు.

చావు ఇంటికి ఒబేదు వెళ్లాడు. ఎలాగూ దక్కేవాడు కాదు కదా అని దారిపొడుగునా మనసుకు చెప్పుకున్నాడు. అది నిజమే. తిరుపతమ్మ అతని కాళ్ల దగ్గర కూలబడి, "భయపడి పోయాడండీ, ఉత్త భయానికే పోయాడండీ," అని ఏడ్చింది. చుట్టూ నలభై మంది ఉన్నారు. మీరు చెప్పిందే కదా అన్నట్టు అందరూ అతనివైపే చూస్తున్నారు. అంతమందిలో, అది ఉత్త భయం కాదు, నాకు ముందే తెలుసు అని ఎలా అనడం? తలొంచుకుని వచ్చేశాడు. రోజులు గడిచిన కొద్దీ చెప్పడం మరీ కష్టమైంది. ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు కదా.

పెద్దకర్మ అయిన మూడు వారాలకు తిరుపతమ్మ అక్క బడికి వచ్చింది. చేతిలో చీటీ ఏమీ లేదు. తరగతి బయటే, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, మా చెల్లికీ నీళ్లు చూస్తే వణుకొస్తందండి. నిన్నటి నుంచి గుక్కెడు దిగలేదు. ఆ మాట మీరే ఇప్పి చెప్పారంట కదా. ఇంత చదివినోరు, ఆ బయం పోవడానికి ఏం చెయ్యాలో కూడా చెప్పండి బాబూ."

మాస్టారు అక్కడ ఆగిపోయారు. సలోమి చాప అంచు గిల్లుతూ కూర్చుంది. హెప్సిబా ముందుకు వంగి, "మరి, అప్పుడైనా చెప్పారా మాస్టారూ?" అంది.

"చెప్పానమ్మా. ఆ రోజు అన్నీ చెప్పాను. వాళ్లక్క అంతా విని, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది."

మాస్టారు హెప్సిబా వైపు చూసి, పాఠం అప్పజెప్పుతున్నట్టు నిదానంగా అన్నారు:

"ఆ మాటకు అర్థం మాత్రం నేను తప్పు చెప్పలేదు తల్లీ. ఒక్క అక్షరం కూడా తప్పు చెప్పలేదు."