తోక ముట్టే పని

సగం మృగమై వచ్చిన నరసింహస్వామికి ఓ దణ్ణం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. మృగాల బాధ ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? వెనక కూర్చున్న అమ్మలు కాస్త ముందుకు జరగండి. ఇది మీకు వినబడాల్సిన కథ.

కొండ కింద ఓ ఎండిన వాగు, వాగు గట్టున చిట్టడవి. అక్కడి ఆడజీవాలన్నీ తెల్లవారగానే పిల్లల్ని మగవాళ్ళకి అప్పగించి ఇసుకలో పరుగుకి వచ్చేవి. ఆపదవేళ కాళ్ళు మాట వినాలి కదా అని పైకి చెప్పుకునేవి. అసలు సంగతి, ఆ కాసేపూ నోరారా మాట్లాడుకోవచ్చని. ముందు లేడి, నడుమ ముంగిస, చిట్టచివర కౌజుపిట్ట. కౌజు ఒకప్పుడు ఉచ్చులో పడి బయటపడింది. ఒక కాలు ఈడుస్తుంది. సరిగ్గా ఎగరనూ లేదు. నోరు మాత్రం బాగా నడుస్తుంది. వయసులో పెద్దది, అందరికీ అత్తే.

వాళ్ళకో కట్టుబాటు ఉంది. చివరిదాని కోసం ఒకరు సగం దారిలో ఉన్న మద్దిచెట్టు దగ్గర వెనక్కి తిరగాలి. వచ్చి, ఆమె తోక ముట్టి, అక్కణ్ణుంచి ఆమె వెనకే రావాలి. వేటాడే మృగం కన్ను ఎప్పుడూ చివరిదాని మీదే ఉంటుంది కనక.

ఆ పని కుందేలుది. చెరుకుతోట నరికేస్తే నిలవనీడ లేక వచ్చిన పరాయిది అది. మొదట్లో పొదలో ఒక్కతే ముడుచుకుని కూర్చునేది. కౌజత్తే వెళ్ళి, "ఏడుపు పరిగెడుతూ కూడా ఏడవొచ్చు, లేచి రా పిల్లా" అని లాక్కొచ్చింది. వెనక నడుస్తూ అత్త చెప్పే కబుర్లు వింటూంటే కుందేలుకి పుట్టిల్లు దొరికినట్టయింది.

గట్టు మీదనుంచి ఇదంతా ఓ ఆడనక్క చూస్తోంది. గుంపుగా ఉన్నంతకాలం ఎవరూ నోటికి అందరని దానికి తెలుసు. అందుకని ఓ పొద్దున వచ్చి తల వంచుకు నిలబడింది. తనూ పిల్లల తల్లినేనంది. పలకరించే దిక్కు లేదంది, కళ్ళు ఒత్తుకుంది. నక్క వినయాలు మనకి తెలియనివి కావని లేడి కాలు తాటించింది. ముంగిస వద్దే వద్దంది.

అడ్డుపడింది కుందేలే. "నన్ను మాత్రం మీరు ఎరిగుండి చేర్చుకున్నారా, వదినా?"

లేడి పక్కకి జరిగి నక్కకి చోటిచ్చింది. మంచి మనసే తల్లీ, ఆ పూట దానిలో పాపం లేదు.

నక్క ఎంతో బుద్ధిగా పరిగెత్తింది. ముళ్ళు గుచ్చుకుంటే తీసింది, అత్త జోకులకి అందరికంటే ముందు నవ్వింది. అందరూ నమ్మాక ఓ రోజు కుందేలు పక్కకి చేరింది.

"లేడితో సమానమైన కాళ్ళమ్మా నీవి. ఈ ముసలిదాని వెనక అరగదీస్తున్నావు. ఒక్కసారైనా కొండదాకా వదిలేసి చూసుకోవాలని లేదూ?"

ఉంది. కుందేలుకి చాలా రోజులుగా ఉంది. అత్త ఏమనుకుంటుందోనని గొణిగింది.

"ఏమనుకుంటుంది? ఈ ఒక్కపూటా తోక నేను ముడతాలే. నేను లేనూ?"

మెచ్చి మేకతోలు కప్పినా పట్టుశాలువా అనుకుని పొంగిపోయే రకాలం మనం. మద్దిచెట్టు వచ్చింది. కుందేలు తిరగలేదు. లేడిని దాటేసింది, చెవుల్లో గాలి మోగింది. కొండ మొదట్లో ఆగి నవ్వుకుంటూ ఉండగా వెనకనుంచి కౌజు అరుపు వినబడింది.

లేడి అప్పుడు వెనక్కి చూసి అడిగింది. "అత్త వెనక ఎవరున్నారే?"

కుందేలు గిర్రున వెనక్కి తిరిగింది. పరిగెత్తింది. అంత వేగంగా ఎన్నడూ పరిగెత్తలేదు, అయినా ఆ పరుగు ఆలస్యమైపోయింది. కౌజు రేగుపొదలో ఇరుక్కుని ఉంది. తోక ఈకలన్నీ నక్క నోట్లో ఉన్నాయి. లేడి గిట్టలు ఎత్తి నక్క మీదికెళ్ళింది.

నక్క ఈకలు ఉమ్మేసింది. "నన్ను తంతారేం? నన్ను తెచ్చిందెవరు? అత్తని నాకు అప్పగించిందెవరు? ఆమెనే అడగండి." అని గట్టెక్కి పోయింది.

ఎవరూ అడగలేదు. అదే కుందేలుకి దెబ్బలకంటే ఎక్కువైంది.

అత్త గాయం మానాక కుందేలు ఆమె ఉంటున్న రేగుపొద దగ్గరికి వెళ్ళింది. ఇంక జన్మలో ముందుకి పోనని, వెనకే ఉంటానని, ఒక్కసారి పరుగుకి రమ్మని బతిమాలింది.

"నీమీద కోపం లేదే పిల్లా," అంది కౌజు. "స్వామి సాక్షిగా లేదు. కానీ వెనక అడుగు చప్పుడైతే గుండె ఆగుతోంది. అది నీ అడుగని తెలిసినా ఆగుతోంది. అలాంటిదాన్ని, ఎలా పరిగెత్తను చెప్పు?"

తర్వాత కౌజు వాగు అవతలికి మారిపోయింది. పరుగు ఆగలేదు. కుందేలునీ ఎవరూ వెలివేయలేదు. ఇప్పుడు చివర ముంగిస నడుస్తుంది, కుందేలు మద్దిచెట్టు దగ్గర తిరిగొచ్చి దాని తోక ముడుతుంది. ముంగిస మంచిదే, కానీ కబుర్లు చెప్పదు.

నమ్మినవాళ్ళ వెన్ను కాసే పని ఒక్కపూటకైనా చేయి మార్చేది కాదు.