కోడితో కలిపి నూకరాజు తూకం

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో కాటా వారిల్లు ఎక్కడంటే పసిపిల్లాడైనా చూపిస్తాడు. వాళ్ళ అసలు ఇంటిపేరు ఇంకేదో ఉంది గానీ అది వాళ్ళకే గుర్తులేదు. అరుగు మీద బెల్లం దిమ్మలు తూచే పెద్ద ఇనప కాటా ఉంటుంది కనక కాటా వారయ్యారు. ఇంట్లో నలుగురు: పెద్దాయన నూకరాజు, ఆయన భార్య వరహాలు, తమ్ముడు అప్పలకొండ, తల్లి పైడమ్మ. ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ గడప లోపలే ఉందని నలుగురికీ గట్టి నమ్మకం. తూచకుండా మేం మాటైనా అనం అని పైడమ్మ వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకునేది. ప్రతి దసరాకీ కాటాకి పసుపు రాసి, నలుగురూ ఎక్కి తూగి, బరువులు గోడ మీద సుద్దతో రాసుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ.

నూకరాజు తూకం నూట యాభై కిలోలు. మోకాళ్ళ నెప్పులకి అలవాటు పడిపోయాడు గానీ ఆయన అసలు బాధ మోపెడ్ గురించి. పెళ్ళైన కొత్తలో వరహాల్ని వెనక ఎక్కించుకుని నూకాలమ్మ జాతరకి తీసుకెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళుగా సీటంతా ఆయనకే సరిపోతోంది. పాపం ఆవిడ షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళి గుడి దగ్గర ఎదురుచూసేది. ఒక ఏడు జాతర నించి తిరిగొచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చేసింది.

"నాకు నగలొద్దు, చీరలొద్దు. వచ్చే జాతరకి మీ ఎనకాల కూకోవాలండీ, అంతే," అంది.

నూకరాజుకి గుండె కరిగిపోయింది. నెల తిరక్కుండా విశాఖపట్నం వెళ్ళి, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని వచ్చేశాడు.

డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. అందులో ఇప్పుడు నూట యాభై, నెలకి నూట ముప్ఫై ఏడు, ఆర్నెల్లకి నూట ఎనిమిది, ఏడాదికి తొంభై ఆరు అని ముందే లెక్కగట్టి ఉంది. ఇది మా అంచనా, కాస్త అటూ ఇటూ అవచ్చు అని ఆవిడ చెబుతూనే ఉంది, వీళ్ళు అప్పటికే కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. వారం వారం ఒకే రోజు, ఒకే టైముకి, అదే కాటా మీద, అంతా మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉండగా తూచుకుని రాసుకోమని కూడా చెప్పింది.

ఆదివారం ఉదయం ఏడింటికి నూకరాజు కాటా ఎక్కాడు. అప్పలకొండకి సరుకు తూచేటప్పుడు పళ్ళెం అంచు మీద బొటనవేలు ఆనించే అలవాటు, అన్నగారిని తూచేటప్పుడూ ఆనించాడు. అంతలో పెరట్లో కోడిపెట్ట ఎగిరొచ్చి నూకరాజు కాళ్ళ మధ్య కూర్చుంది. ముల్లు సరిగ్గా నూట యాభై చూపించింది.

ఇంకేముంది. ఆ రోజు నించి ప్రతి ఆదివారం ఆయన ఎక్కాలి, తమ్ముడు వేలు ఆనించాలి, కోడి రావాలి. కోడికి ఆదివారమని ఏం తెలుస్తుంది? వరహాలు దాని వెంట వీధంతా పరిగెత్తి పట్టుకొచ్చేది. ఒక్కోసారి అది దొరికేసరికి ఎనిమిదయ్యేది. అప్పుడు గడియారం ముల్లు వెనక్కి తిప్పి ఏడు చేసుకుని తూచేవాళ్ళు.

నెలయ్యేసరికి ముల్లు నూట ముప్ఫై ఏడు దగ్గర ఆగింది. మనమైతే పండగ చేసుకుంటాం. వాళ్ళు బెల్లం వ్యాపారులు కదా, సరుకు తగ్గిందంటే ఎవరో పట్టుకుపోయినట్టే లెక్క. పదమూడు కిలోలు ఏమయ్యాయని పైడమ్మ లబోదిబోమంది. అంతే, ఇంటిల్లిపాదినీ కాటా ఎక్కించి, గోడ మీది దసరా తూకాలతో పోల్చి చూశారు. అన్నగారు వదిలేసిన అన్నమంతా తింటున్న అప్పలకొండ ఏడు కిలోలు పెరిగాడు. పైడమ్మ మూడు, వరహాలు రెండు. వెరసి పన్నెండు దొరికాయి. ఇంకొక్క కిలో ఎక్కడ? నలుగురూ ఒక్కసారే కోడి వైపు చూశారు. నెల రోజులుగా అది మరీ గుండ్రంగా తయారైంది.

ఇంట్లోవాళ్ళు తీసుకుంటే దొంగతనం అనరు గానీ కోడికి ఏం హక్కుంది అన్నాడు అప్పలకొండ. ఆ మధ్యాహ్నమే కూర వండేశారు. నూకరాజుకి రెండు చెంచాల పులుసు పోశారు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. నూకరాజు ఎక్కాడు, తమ్ముడు వేలు ఆనించాడు. కోడేదీ? అప్పుడు పైడమ్మకి తెలివి తట్టింది. కోడి ఎక్కడికీ పోలేదు, మన నలుగురి కడుపుల్లోనే ఉంది, నలుగురం ఎక్కితే కోడి వచ్చినట్టే అంది. ఆహా అనుకుని నలుగురూ ఒకరినొకరు పట్టుకుని ఎక్కారు. ముల్లు గిర్రున తిరిగి మూడొందల ఇరవై ఎనిమిది మీద ఆగింది.

వారంలో నూట తొంభై ఒక్క కిలోలు! ఆపరేషన్ కుట్లు ఊడిపోయి పాత బరువంతా చుట్టాల్ని తీసుకుని తిరిగొచ్చేసిందనుకుని నూకరాజు కాటా మీదే చతికిలబడ్డాడు. వరహాలు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. కాటా మీద ఎంతమంది ఉన్నారమ్మా అని ఆవిడ అడిగింది.

"నలుగురమండీ. కోడి లోపలుంది."

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తగ్గిన బరువు ఎవరి ఒంట్లోకీ పోదు, కొవ్వు కరిగిపోతుంది, అంతే. మీరు కంగారు పడకుండా ఇదివరకు ఎలా తూచారో అలాగే తూచండి.

ఇదివరకట్లాగే అంది కదా, సంత నించి కొత్త కోడిని తెచ్చారు. పైగా కరగడం గురించి బెల్లం వాళ్ళకి వేరే చెప్పాలా? కరిగిన సరుకు కిందకే కారుతుంది. నూకరాజు మధ్యాహ్నం పడుకునే నులకమంచం కింద గంగాళం పెట్టారు. పైడమ్మ పీట వేసుకుని చీమలు పట్టకుండా కాపలా కాసింది. వారమైనా చుక్క పడలేదు, ఒక్క చీమా రాలేదు. మావాడిది మేలురకం, చీమలు కూడా దూరం నించే దణ్ణం పెడుతున్నాయని వీధంతా చెప్పుకుంది.

ఆర్నెల్లకి ముల్లు నూట అయిదే చూపించింది. కాగితంలో నూట ఎనిమిది ఉంది. చదువుకున్న మనిషి రాసిచ్చిన మాట మన మూలాన తప్పవకూడదని నూకరాజు చేతిలో మూడు కిలోల బెల్లం ముక్క పెట్టి తూచారు. పాపం, ఆర్నెల్లుగా తీపి ఎరగని మనిషి. ముక్క చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు గానీ నాలిక్కి తగలనివ్వలేదు. వరహాలు వెనక కూర్చోవాలి కదా మరి.

ఏడాది గడిచింది. జాతర రోజు పొద్దున్నే ఏడింటికి వేలుతో, కోడితో కలిపి తూచారు. సరిగ్గా తొంభై ఆరు.

వరహాలు పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నూకరాజు మోపెడ్ ఎక్కి కూర్చున్నాడు. వెనక బోలెడంత ఖాళీ. తొమ్మిదేళ్ళ తరవాత కనబడిన ఆ సీటుని ఆవిడ కొంగుతో తుడిచింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి కాలెత్తింది.

"ఆగొదినా!" అని అరిచాడు అప్పలకొండ.

సుద్దముక్క పుచ్చుకుని గోడ మీద రాస్తున్నాడు. అన్నగారు తొంభై ఆరు, వొదిన యాభై నాలుగు, కలిపితే నూట యాభై.

అందరూ కొయ్యబారిపోయారు. ఏడాది పాటు గిన్నెడు జావ తాగి దించిన బరువంతా ఒక్క కాలు ఎత్తి పెడితే మళ్ళీ బండెక్కేస్తుంది. వరహాలు కాలు దించేసింది.

"అయితే ఈ ఏడూ ఆటోయేనా?" అంది.

ఆ మాట ఆయన తట్టుకోలేకపోయాడు. జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా సొంతంగా ఆలోచించాడు. "నువ్వెక్కు, నాను దిగుతాను," అన్నాడు.

దిగాడు. ఆవిడ ఎక్కింది. ముందుకి జరిగి కూర్చోమంటే ఒప్పుకోలేదు, వెనకాల కూకుంటానన్నానుగా, వెనకాలే కూకుంటానంది. మరి ముందు సీటు? కోడి లేకుండా మనింట్లో ఏ తూకమూ జరగలేదని పైడమ్మ గుర్తు చేసింది. అంతే, కోడిని తెచ్చి ముందు కూర్చోబెట్టారు.

గుడి మూడు కిలోమీటర్లు. నిరుడు వీధి చివరిదాకా నడవలేని నూకరాజు కోడినీ పెళ్ళాన్నీ ఎక్కించిన బండిని తోసుకుంటూ, ఆయాసం అన్నదే లేకుండా, కబుర్లు చెబుతూ నడిచాడు. ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. వరహాలు ఆయన భుజం మీద చెయ్యి తియ్యలేదు. బాగుందా అని ఆయన అడిగితే చాలా బాగుందండీ అంది.

దారిలో షేర్ ఆటో అతను ఆపి, పెట్రోలు అయిపోయిందా బావూ అని జాలిగా అడిగాడు. ట్యాంకు నిండుగా ఉందన్నాడు నూకరాజు. బండి పాడైందా అంటే అదీ లేదన్నాడు. మరైతే ఎక్కి నడపొచ్చుగా అన్నాడు ఆటో అతను.

నూకరాజు అతని తెలివితక్కువతనానికి నవ్వుకున్నాడు.

"నానెక్కితే మళ్ళీ నూట యాభై అయిపోద్ది బావూ. నమ్మకపోతే మా కోడినడుగు, మొదటి నించీ తూకంలో ఉంది."