కెంపమ్మ జేజేలు

తునికికోన అడవిలో పొద్దు పొడిచిందంటే చాలు, ఒకటే సందడి. పికిలిపిట్టలు పాడేవి, చిలకలు కొట్లాడుకునేవి, కాకులు నాలుగు చెట్ల అవతలి కబుర్లు కూడా మోసుకొచ్చేవి. ఎవరికి ఏ బాధ ఉన్నా కొమ్మెక్కి నలుగురూ వినేలా చెప్పుకోవడమే అక్కడి అలవాటు. దుప్పులకీ కుందేళ్లకీ అది బాగా కలిసొచ్చేది. చిరుత కదిలిందని ఓ పిట్ట కూస్తే అవి ఒక్క గెంతులో అవతల పడేవి.

ఆ కోనకి దొర గండప్ప అనే చిరుతపులి. బలం ఉంది, ఒడుపు ఉంది, పొగడ్తంటే చెవి కోసుకునే గుణం కూడా ఉంది. దొర పక్కన మంత్రిలా తిరిగేవాడు సుద్దులయ్య అనే నక్క. దొర తిని వదిలేసిన బొమికలతో వాడి సంసారం గడిచేది.

వాగు ఒడ్డున గులకరాళ్ల మధ్య కెంపమ్మ అనే తీతువుపిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటే పెద్ద కట్టడమేమీ కాదు, రాళ్ల నడుమ చిన్న గుంట. ఓ మధ్యాహ్నం నీళ్లు తాగి వచ్చేసరికి గుంటలో పెంకులే మిగిలాయి. సుద్దులయ్య మూతి నాక్కుంటూ పొదల్లోకి జారుకుంటున్నాడు.

కెంపమ్మ ఊరుకునే రకం కాదు. వాగు మీద పైకీ కిందికీ ఎగురుతూ గొంతు చించుకుంది.

"ఓరి సుద్దులయ్యా! నా గుడ్లు తిన్నావు కదరా! అమ్మలారా, అయ్యలారా, వినండి! ఈ నక్క నా గుడ్లు తిన్నాడు!"

మర్నాడు అదే మాట. ఆ మర్నాడూ అదే మాట. సుద్దులయ్య నీళ్లకి వస్తే కుందేళ్లు మూతి తిప్పుకుని పక్కకి జరిగేవి. అడవిపంది అయితే మొహం మీదే అడిగేసింది.

"ఏం సుద్దులయ్యా, ఇవాళ ఎవరింట్లో పడ్డావు?"

సుద్దులయ్యకి తల కొట్టేసినట్టయింది. తిన్నగా దొర గుహకి వెళ్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"దొరా, తమరు చిక్కిపోతున్నారు. చూడలేకపోతున్నాను."

గండప్ప తన పొట్ట వైపు చూసుకున్నాడు. "చిక్కిపోయానా?"

"చిక్కిపోరా మరి? తమరు అడుగు తీసి అడుగు వేస్తే చాలు, ఈ పిట్టలు అడవంతా చాటింపేస్తాయి. దుప్పి చిక్కేదెలా? వాటి నోళ్లు మూయించండి. గుట్టుగా తిరగండి, కడుపునిండా తినండి."

"నిజమే. కానీ అన్నీ నోళ్లు మూసుకుంటే నా గొప్ప ఎవరు చెప్తారు?"

సుద్దులయ్య ఈ ప్రశ్న ఊహించలేదు. అయినా తడుముకోలేదు. "దానికేముంది దొరా! ఏడుపులు, ఫిర్యాదులు, హెచ్చరికలు వద్దందాం. తమకి జేజేలు మాత్రం ఎంతసేపైనా కొట్టుకోవచ్చందాం."

"భేష్!" అన్నాడు గండప్ప.

ఆ సాయంత్రమే కట్టడి వచ్చేసింది. కోనలో ఏ పిట్టా ఏడవరాదు, ఎవరి మీదా చెప్పరాదు. నోరు తెరిస్తే దొరవారిని పొగడడానికే తెరవాలి. మాట మీరితే గూడు నేలపాలు. అదేం న్యాయమని అడిగిన ఓ పికిలిపిట్ట గూటినీ, దాని పక్క గూళ్లనీ సుద్దులయ్య దగ్గరుండి కోతుల చేత పీకించాడు.

కోన మూగబోయింది. కెంపమ్మ కూడా మూగబోయింది. తన గూడు సరే, నేల మీది గుంట, ఎవడేం పీకుతాడు? కానీ తన అరుపుకి పక్కవాళ్ల గూళ్లు పోతాయేమోనని జంకింది. ముక్కు తెరుచుకునేది, మాట గొంతు దాకా వచ్చేది, మళ్లీ మింగేసేది. నాలుగు రోజులకి తిండి కూడా సయించలేదు.

అయిదో రోజున చుక్కి అనే దుప్పి పిల్ల వాగు దగ్గర మేస్తోంది. గండప్ప గడ్డిలో పాకుతూ రావడం కెంపమ్మ చూసింది. ముక్కు తెరిచింది. పికిలిపిట్ట గూడు గుర్తొచ్చి మూసేసింది. ఆ ఒక్క క్షణంలో చుక్కి పని అయిపోయింది.

తల్లి దుప్పి ఒడ్డుకి వచ్చి అడిగింది. "కెంపక్కా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. చూడలేదా?"

"చూశాను చెల్లీ," అంది కెంపమ్మ.

తల్లి దుప్పి వెనక్కి తిరిగి మందలోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండు అనిపించింది కెంపమ్మకి.

అక్కణ్ణించి ఎగురుకుంటూ ఇప్పచెట్టు మీది ముసలి గోరింక దగ్గరికి వెళ్లింది. పెంటయ్య దాని పేరు. మాట్లాడ్డం ఆపితే చచ్చిపోతానేమో అనుకునే పక్షి, పాపం, అయిదు రోజులుగా ఈకలు ముడుచుకుని కూర్చుంది.

"మామా, రేపు నేను అరుస్తాను. ఏమైతే అదవుతుంది."

"అరిస్తే మా చెట్టు మీద గూళ్లన్నీ పోతాయి అమ్మాయ్," అంది గోరింక. "ఉండు. కట్టడిలో ఏముందో మళ్లీ ఓసారి చెప్పు."

"ఏముంది? దొరకి జేజేలు తప్ప ఇంకేం కూయకూడదంట."

"ఎప్పుడు కొట్టాలో, ఎక్కడ కొట్టాలో, ఎంత గట్టిగా కొట్టాలో ఉందా?"

కెంపమ్మ గోరింక వైపు చూసింది. గోరింక కెంపమ్మ వైపు చూసింది. అయిదు రోజుల తరవాత మొదటిసారి ఇద్దరికీ నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున గండప్ప వేటకి బయలుదేరాడు. మోదుగపొదలో నక్కి దుప్పుల మంద మీద కన్నేశాడు. సరిగ్గా నెత్తి మీద కెంపమ్మ గొంతెత్తింది.

"గండప్ప దొరకి జేజేలు! మోదుగపొదలో పడుకున్న మహారాజుకి జేజేలు!"

చెట్టు మీంచి గోరింక అందుకుంది. "తోక ఆడిస్తున్న దొరకి జేజేలు!"

"ఎడంపక్క గున్న దుప్పిని చూస్తున్న చల్లని కళ్లకి జేజేలు!" అంటూ చిలకల గుంపు వంత పాడింది.

దుప్పులు ఉన్నపళంగా మాయం. గండప్పకి మొదట కోపం రాలేదు. ఎంత బాగా పొగిడాయి! చల్లని కళ్లన్నాయి కూడానూ. పోనీలే అనుకుని పుట్ట వెనక్కి వెళ్లాడు.

"పుట్ట వెనక వెలిసిన దొరకి జేజేలు!"

మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు గండప్ప రెండు కప్పల్ని తిని సుద్దులయ్యని పిలిపించాడు.

"వీళ్ల జేజేలు పాడుగాను! ఆపించరా!"

"కొత్త కట్టడి వేద్దాం దొరా," అన్నాడు సుద్దులయ్య. "తమరు కనబడినంత మేర ఒక్క పిట్టా కిక్కురుమనకూడదు. తమరు లేని చోట ఎంతైనా పొగుడుకోనిద్దాం. రెండూ దక్కుతాయి."

పిట్టలు తలూపాయి. మర్నాటి నుంచి కోనంతా జేజేలతో మోగిపోయింది. గండప్ప ఏ వైపు వెళ్తే ఆ వైపు మాత్రం టక్కున నిశ్శబ్దం. తూర్పు చెట్లు ఆగిపోతే దొర తూర్పున ఉన్నట్టు. వాగు ఒడ్డు మూగబోతే దొర వాగు దిగుతున్నట్టు. దుప్పులు హాయిగా మేస్తూ, పక్కన పాట ఆగగానే లేచి పరిగెత్తేవి. ఇప్పుడు కప్పలు కూడా చిక్కడం లేదు.

వారం తిరిగేసరికి గండప్ప నిజంగానే చిక్కిపోయాడు. డొక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఈడ్చుకుంటూ వాగు ఒడ్డుకి వచ్చి రాయి మీద కూలబడ్డాడు. వెనకే సుద్దులయ్య. వాడి డొక్కలూ తేలే ఉన్నాయి. చెట్ల నిండా పిట్టలు, అవతలి ఒడ్డున దూరంగా అడవిపంది, దుప్పులు. ఒక్క పిట్టా కిక్కురుమనడం లేదు.

"కెంపమ్మా," అన్నాడు గండప్ప నీరసంగా. "అరిస్తే ఆకలి, పొగిడితే ఆకలి, నోరు మూసినా ఆకలే. అసలు నీకేం కావాలి?"

"మాట్లాడొచ్చా దొరా?"

"మాట్లాడు తల్లీ."

"నా గుడ్లు తిన్నవాడి మీద చెప్పుకుంటుంటే నా నోరు నొక్కారు. అది తమ కోసం అనుకున్నారా? వాడి కోసం దొరా. ఆరు గుడ్లు! నా ఆరు గుడ్లు మింగాడు ఈ సుద్దులయ్య!"

సుద్దులయ్య గయ్యిమన్నాడు. "అబద్ధం! నాలుగే! నాలుగుకి మించి ఒక్కటుంటే నా తోక కోయించుకుంటాను!"

గోరింక కిసుక్కుమంది. ఆ వెనక చిలకలు, కాకులు, అడవిపంది, చివరికి తల్లి దుప్పి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. సుద్దులయ్య నోటికి కాలు అడ్డం పెట్టుకున్నాడు గానీ, జారాల్సింది జారిపోయింది.

గండప్పకి ఆ పూట న్యాయం మీద కొత్తగా ప్రేమేమీ పుట్టలేదు. వీడి నాలుగు గుడ్లు దాచడానికి నేనా వారం రోజులు పస్తులున్నది అని మాత్రం ఒళ్లు మండింది. లేచి ఒక్క గాండ్రింపు గాండ్రించాడు. "కట్టడులన్నీ రద్దు! నీ మొహం ఈ కోనలో మళ్లీ కనబడిందా, పస్తుల బాకీ నీతోనే తీర్చుకుంటాను!"

సుద్దులయ్య తోక ముడిచి గుట్టకి అడ్డంపడి పరిగెత్తాడు. పికిలిపిట్టలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి దూకుతూ వాణ్ణి పొలిమేర దాటించి వచ్చాయి. దారి పొడుగునా వాడు ఏం చేశాడో పేరు పెట్టి మరీ చెప్పాయి.

పిల్లలూ, మీరు పట్టుకుపోవాల్సింది ఇదే: అడిగిన మాటకి జవాబు లేనివాడే అడిగిన నోరు మూయించాలని చూస్తాడు.