పదకొండు బలహీనతలు

కాగితం మీద తప్పు పట్టడంలో దస్తగిరిని మించినవాడు లేడని ఆ తాలూకాలో పేరు. ఇరవై రెండేళ్లు కచేరీలో గుమాస్తాగా ఉండి, కాంట్రాక్టు పనులకు ఒప్పందాలు రాశాడు, పని అయ్యాక తనిఖీ రిపోర్టులూ రాశాడు. ఆ ఉద్యోగం వదిలి సూఫీ గురువు ఖాదర్ షా దగ్గర శిష్యుడిగా చేరి మూడేళ్లయింది. జపం కుదిరింది, ఉపవాసం అలవాటైంది. ఆ తప్పులు వెదికే చూపు మాత్రం అలాగే ఉంది. అది తనకు దేవుడిచ్చిన విద్య అనుకునేవాడు.

ఖాదర్ షా ఉండే దర్గా చిన్న గుట్ట మీద ఉంది. గుట్ట కింద వంక. వానలకు వంక పొంగినప్పుడల్లా జనం పైకెక్కే దారిని కొంత కోసుకుపోయేది. ఆ ఏడు దారి పక్కన రాతిగోడ కట్టించాలనుకున్నారు. పని తిమ్మక్కకు ఇచ్చారు. ఆమె రాతిపనిలోనే పుట్టి పెరిగింది. భర్త పోయాక ఎనిమిది మందిని వెంటబెట్టుకుని తనే పనులు ఒప్పుకుంటోంది.

ఒప్పందం దస్తగిరే రాశాడు. "పనిలో బలహీనత కనిపించినచో, కట్టినవారే విప్పి మరల కట్టవలెను" అని అందులో ఒక వాక్యం. తిమ్మక్క వేలిముద్ర వేసింది.

సగం గోడ లేచాక దస్తగిరి తనిఖీకి బయల్దేరాడు. గొడుగు వేసుకుని దారి వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తిరిగొచ్చి రాశాడు. పదకొండు చోట్ల 'బలహీనం' అన్న మాట పడింది. ఆఖర్న 'మొత్తం మీద పని అసంతృప్తికరం' అని రాసి కింద గీత గీశాడు.

ఆ కాగితం తిమ్మక్కకు చదివి వినిపించాడు. వానలకు ఇరవై రోజులే గడువు. కట్టింది విప్పితే ఈ ఏటికి గోడ లేనట్టే. దారి పోతుంది. తిమ్మక్క కట్టిన గోడ విప్పించారట అన్న మాట చుట్టుపక్కల ఊళ్లకు పాకితే ఆమెను ఇంక పనికి పిలిచేవాళ్లుండరు.

"విప్పుతా సామీ," అంది తిమ్మక్క. "నువ్వు విప్పమంటే విప్పుతా. ఆ బలహీనం ఏడుందో చూపీ."

"రాశాను కదా!"

"రాసినావు. గోడలో ఏడుంది?"

దస్తగిరికి మండిపోయింది. నేరుగా గుట్టెక్కి ఖాదర్ షా ముందు నిలబడ్డాడు.

"హజ్రత్, ఆమె రిపోర్టు ఒప్పుకోవడం లేదు. ఎదురు ప్రశ్నలు వేస్తోంది."

ఖాదర్ షా ఊదు వేసే కుంపటి శుభ్రం చేసుకుంటున్నాడు. కాగితం తీసుకుని రెండు వైపులా తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. కుంపట్లోంచి ఆరిపోయిన బొగ్గు ముక్క ఒకటి ఏరి అతని చేతిలో పెట్టాడు.

"ఆమెకు చదువు రాదు బేటా. పదకొండూ రాళ్ల మీద గుర్తు పెట్టి రా."

దస్తగిరి కిందికి దిగాడు. మొదటిది 'రాళ్ల అమరిక బలహీనం'. ఏ రాయో వెతుక్కోవాల్సి వచ్చింది. బొటనవేలంత ముందుకు పొడుచుకొచ్చిన రాయి ఒకటి కనిపిస్తే దాని మీద గుర్తు పెట్టాడు.

తిమ్మక్క తొంగి చూసింది. "చూపుకు బాగలేదు, నిజమే. దీనికి గోడ పడుతుందా సామీ?"

దస్తగిరి రాయిని రెండు చేతులా ఊపాడు. కదల్లేదు. తువ్వాలుతో గుర్తు తుడిచేశాడు.

రెండోది 'పనివారి శ్రద్ధ బలహీనం'. బొగ్గు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. దానికి గుర్తు పెట్టడానికి రాయి దొరకలేదు. మూడోదీ ఏడోదీ ఒకే సంగతని, మాటలు మార్చి రెండుసార్లు రాశానని అప్పుడు తెలిసింది. పనివాళ్లు సమ్మెటలు ఆపి చూస్తున్నారు. అతని చెవులు వేడెక్కాయి. పదకొండూ అయ్యేసరికి గోడ మీద ఒక్క నల్లమచ్చ కూడా మిగల్లేదు.

తిరిగి వెళ్లిపోదామనుకున్నాడు. వెళ్లి ఏం చెప్పాలి?

గొడుగు మడిచి పక్కన పెట్టి, పంచె ఎగగట్టి, వంకలోకి దిగాడు. గోడను అడుగు నుంచి చూడటం అదే మొదటిసారి. ఒక్కో రాయినీ అరచేత్తో నొక్కుతూ నడిచాడు. దిగువ చివర, కింది నుంచి మూడో వరుసలో ఒక రాయి చేతికింద కదిలింది. పట్టి లాగితే వెనక నుంచి ఇసక జలజలా రాలింది.

"తిమ్మక్కా!"

ఆమె వచ్చి సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. బయటికి తీసిన గుప్పెట్లో అంతా ఇసకమన్ను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇది నా తప్పే సామీ. ఎనకాల గులకరాళ్లు పోయాల్సింది. తొందరపడి మన్ను కొట్టించినా. వంక వచ్చిందంటే గోడ ఈడ్నుంచే పోతాది."

దస్తగిరి ఆ రాయి చుట్టూ బొగ్గుతో గీత గీశాడు.

"ఎన్నాళ్ల పని?"

"రెండు దినాలు. మిగతాది విప్పే పని లేదు."

పొద్దు వాలుతుండగా ఖాదర్ షా ముందు కూర్చుని, ఆ కాగితం వెనకవైపే మళ్లీ రాశాడు.

"చదువు," అన్నాడు ఖాదర్ షా.

"దిగువ చివర, కింది నుంచి మూడో వరుసలో ఒక రాయి కదులుతోంది. దాని వెనక గులకరాళ్లు లేవు, మన్ను ఉంది. నీళ్లొస్తే మన్ను కొట్టుకుపోయి గోడ కూలుతుంది. రాయి తీసి, గులకరాళ్లు నింపి, తిరిగి పెట్టాలి. రెండు రోజుల పని."

ఖాదర్ షా తల ఊపాడు. కాగితం తీసుకుని ముందువైపుకు తిప్పాడు.

"ఇవి తిట్లు," అన్నాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. "ఇది లోపం."

ఎగువ వైపు సగం గోడ ఇంకా కట్టాల్సి ఉంది. అందుకోసం ఒప్పందంలోని వాక్యం సరిచేద్దామని దస్తగిరి సంచిలోంచి దాన్ని బయటికి తీశాడు. 'బలహీనత' అన్న మాట దగ్గర కలం ఆగింది. అంటే ఏమిటని ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు. అడగలేక కట్టింది విప్పుకున్నవాళ్లు ఎంతమందో అతనికి గుర్తు లేదు.

కాగితం, కలం పట్టుకుని లేచి వంకలోకి దిగాడు. తిమ్మక్క వంగి గులకరాళ్లు ఏరుతోంది.

"తిమ్మక్కా," అన్నాడు, "గోడ దేనికి కూలుతుంది? నువ్వు చెప్పు, నేను రాసుకుంటా."

ఆమె నడుం నిటారు చేసి ఒక్క క్షణం అతని వైపు చూసింది. తట్ట పక్కకు జరిపి, కూర్చోడానికి చోటు చూపింది.