నూకాలు నిమ్మచెట్టు చోటు మారిన కథ

అనగనగా ఒక అడవి, అడవి చివర ఒక వాగు, వాగు ఒడ్డున ఒక కుందేలు. ఆ కుందేలు పేరు నూకాలు.

నూకాలుకి ఇంటి వెనక చిన్న పెరడు ఉండేది. అందులో ఒక వరస కనకాంబరాలు, దడి పక్కన అరటి పిలకలు, వాగు వైపు చివరన ఒక నిమ్మచెట్టు. ఆ నిమ్మచెట్టుని నూకాలు వాళ్ళమ్మ కొండ అవతల నుంచి చిన్న మొక్కగా ఉన్నప్పుడు నోట కరుచుకుని తెచ్చి నాటింది. ఇప్పుడు అమ్మ లేదు. చెట్టు ఉంది. నూకాలు పొద్దున్నే లేచి ముందు ఆ చెట్టుని చూసేది, తరవాతే మొహం కడుక్కునేది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వాగు ఒడ్డుని కోసుకుంటూ వచ్చేసింది. వానలు తగ్గాక నూకాలు వెళ్ళి చూస్తే ఏముంది! నిమ్మచెట్టు వేళ్ళు కొన్ని గాల్లో వేలాడుతున్నాయి. కింద నీళ్ళు.

"అమ్మో! ఇంకొక్క పెద్ద వాన పడితే నా చెట్టు వాగులోకే!" అంది నూకాలు.

సరే, పెరడంతా ఇంటి ముందుకి మార్చేద్దాం అనుకుంది. కనకాంబరాలు పీకి నాటింది. బతికాయి. అరటి పిలకలు తవ్వి నాటింది. అవీ బతికాయి. మరి నిమ్మచెట్టు? అది మొక్క కాదు కదా, కాపు కాసే చెట్టు. దాన్ని ఎలా కదపాలో నూకాలుకి తెలీదు.

ముందు గువ్వని అడిగింది. గువ్వ పేరు అచ్చియ్యమ్మ.

"పిన్నీ, ఈ చెట్టుని మార్చొచ్చా?"

"వద్దే తల్లీ! పచ్చటి చెట్టు మీద చెయ్యి వేస్తే పాపం తగులుతుంది."

"మరి వాగులో పడిపోతే?"

"ఆ పాపం వాగుది. నీది కాదు" అంది అచ్చియ్యమ్మ.

తరవాత అడవిపందిని అడిగింది. దాని పేరు అప్పలకొండ.

"మామా, ఈ చెట్టుని మార్చగలవా?"

"ఓస్, ఇంతేనా! ఒక్క కుమ్ము కుమ్మానంటే అక్కడ పడుద్ది."

"పడుద్ది సరే మామా, బతుకుద్దా?"

"అది నన్నడక్కు. పీకడం వరకే నా పని" అన్నాడు అప్పలకొండ.

ఇంతలో దడి కింద నుంచి ఒక గొంతు వినబడింది. "నన్నెవరూ అడగరేం?"

అందరూ కిందకి చూశారు. మీసాలకి మట్టి అంటుకుని పందికొక్కు బంగారయ్య నిలబడి ఉన్నాడు! అడవిలో ఎవరి పెరట్లో మొక్క వాడిపోయినా ముందు బంగారయ్యనే తిట్టేవాళ్ళు. ఊరికే కాదు. నిజంగా వాడే వేళ్ళు కొరికేవాడు.

"నిన్నా అడిగేది? వేళ్ళు కొరకడం తప్ప నీకేం తెలుసురా, దొంగ సచ్చినోడా!" అంది అచ్చియ్యమ్మ.

"అదే కదత్తా చెప్తున్నా! ఎన్ని వేళ్ళు కొరికితే చెట్టు చస్తుందో నాకు తెలుసు. ఎన్ని కొరికితే చావదో కూడా నాకే తెలుసు."

నూకాలు చెవులు నిక్కబొడుచుకుంది. "ఎలాగో చెప్పు బంగారయ్యా."

"చుట్టూ ఒకేసారి తవ్వకూడదు. ముందు ఒక సగం వైపు గాడి తవ్వి, దూరం పోయిన వేళ్ళు కొరికేసి, మెత్తటి మట్టి పొయ్యాలి. ఆ మట్టిలో సన్న పిల్లవేళ్ళు వచ్చాకే రెండో సగం. అప్పుడు వేళ్ళన్నీ మొదలు దగ్గర గుమిగూడతాయి. మట్టిముద్దతో సహా ఎత్తి పట్టుకుపోవచ్చు."

"ఇందులో నీకేంటి లాభం?" అని కళ్ళు చిన్నవి చేసి అడిగింది అచ్చియ్యమ్మ.

"తవ్వినప్పుడు వానపాములు వస్తాయి కదా. అవి నాకు."

"దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే ఉంది నూకాలూ, ఆలోచించుకో" అంది అచ్చియ్యమ్మ.

నూకాలు ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. ఒకసారి చెట్టు వైపు, ఒకసారి బంగారయ్య పళ్ళ వైపు చూసింది. అయినా "సరే" అంది.

చలికాలమంతా పని నడిచింది. బంగారయ్య గాడిలోకి దిగేవాడు. నూకాలు గట్టు మీద కూర్చుని తొంగి తొంగి చూసేది.

"ఆ వేరు లావుగా ఉంది. అది కొరక్కు!"

"సరేనమ్మా."

"ఈ వేరు సన్నగా ఉంది, పాపం. ఇదీ కొరక్కు!"

"ఇంక మిగిలింది నా తోకే! అది కొరుక్కోనా?" అన్నాడు బంగారయ్య.

శివరాత్రి నాటికి రెండు వైపులా పని అయిపోయింది. ఇంటి ముందు కొత్త గొయ్యి సిద్ధమైంది. అప్పటికే నిమ్మచెట్టు పూత పూసి, శనగగింజలంత పిందెలు వేసింది.

బంగారయ్య చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "రేపు మార్చేద్దాం. ఈలోగా నువ్వు కొమ్మలు సగానికి కొట్టెయ్. ఆకులు దూసెయ్. పిందె ఒక్కటి కూడా ఉంచకు" అన్నాడు.

నూకాలు అదిరిపడింది. "ఏంటీ! కింద కొరికావు, ఊరుకున్నాను. ఇప్పుడు పైన కూడానా?"

"చూడు నూకాలూ. వేళ్ళంటే వంటవాళ్ళు. ఆకులూ పిందెలూ బంతిలో కూర్చున్నవాళ్ళు. వంటవాళ్ళలో సగంమంది వెళ్ళిపోయారు. మరి బంతిలోంచి సగంమంది లేవాలా, వద్దా?"

మాట అర్థమైంది. నూకాలు పళ్ళతో చిన్న కొమ్మలు కొరికేసింది. ఆకులు దూసేసింది. కానీ ఒక పెద్ద కొమ్మ దగ్గరకొచ్చి ఆగిపోయింది. పిందెలన్నీ దాని మీదే ఉన్నాయి. వాళ్ళమ్మ ఆ కొమ్మ నీడలోనే కూర్చునేది.

"ఇది ఒక్కటీ ఉండనీ బంగారయ్యా."

"ఆ ఒక్కటే సగం చెట్టు కదమ్మా!"

"ఉండనీ అన్నానా!"

"నీ చెట్టు, నీ ఇష్టం" అని బంగారయ్య బొరియలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు తూర్పు వైపు కొమ్మకి అరటినార ముడి వేశారు, కొత్త చోట కూడా అదే వైపు తూర్పుకి ఉండేలా. మట్టిముద్దకి అరటి పట్టలు చుట్టారు. తాటిమట్ట మీద కూర్చోబెట్టారు. అప్పలకొండ లాగాడు.

"మెల్లగా మామా! మెల్లగా!"

"పెళ్ళికూతుర్ని పల్లకీలో తెచ్చినట్టు తెస్తున్నానే! ఇంకెంత మెల్లగా?"

చెట్టు గోతిలో దిగింది. మట్టి కప్పారు. నీళ్ళు పోశారు. చెట్టు నిటారుగా నిలబడింది. పెద్ద కొమ్మ మీద ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"చూశావా, ఏమీ కాలేదు!" అంది నూకాలు గర్వంగా.

ఎండ ఎక్కింది. ఆకులు కొంచెం ముడుచుకున్నాయి. సాయంత్రానికి వేలాడాయి. నూకాలు నీళ్ళు పోసింది. మర్నాడు ఇంకా వేలాడాయి. ఇంకా పోసింది. పిందెలు టపటపా రాలడం మొదలెట్టాయి. ఇంకా ఇంకా పోసింది. చెట్టు మొదట్లో బురద తయారైంది. చెట్టు మాత్రం తేరుకోలేదు.

"చెప్పానా! పందికొక్కుని నమ్ముకున్నావ్. చెట్టుని చంపేశాడు!" అంది అచ్చియ్యమ్మ.

నూకాలు నోరు తెరిచింది. అవును, వాడే చంపాడు అనేస్తే చాలు, అడవంతా నమ్ముతుంది. కానీ ఆ మాట అనలేదు.

"వాడు కాదు పిన్నీ. కొమ్మ కొట్టమన్నాడు. నేనే కొట్టలేదు."

అని పరిగెత్తుకుంటూ బొరియ దగ్గరకి వెళ్ళింది. "బంగారయ్యా! ఒకసారి రావా?"

లోపల్నించి గొంతు వచ్చింది. "తిట్టడానికైతే అక్కణ్ణించే తిట్టు. వినిపిస్తుంది."

"తిట్టడానికి కాదు. తప్పు నాది. చెట్టు పోతోంది."

బంగారయ్య వెంటనే బయటికొచ్చాడు. ఇద్దరూ పరిగెత్తారు. బురద చూసి వాడు తల పట్టుకున్నాడు. "దానికి దాహం కాదమ్మా, బరువు. మొయ్యలేకపోతోంది. వేళ్ళకి ఊపిరి కూడా ఆడనివ్వట్లేదు నువ్వు."

"ఇప్పుడు కొడితే బతుకుతుందా?"

"చెప్పలేను. కొట్టకపోతే మాత్రం బతకదు."

నూకాలు పెద్ద కొమ్మ దగ్గరకి వెళ్ళింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది, ఎక్కడ కొరకాలో కనిపించాలి కదా మరి! కరకరా కొరికేసింది. కొమ్మ కింద పడింది. బంగారయ్య బురద తోడేసి పొడిమట్టి పోశాడు. కొరికిన చోట పేడ మెత్తారు. పైన తాటాకు నీడ కట్టారు.

ఇప్పుడు అక్కడ చెట్టు లేదు. ఒక మోడు ఉంది.

"ఇంకేం చెయ్యాలి?" అంది నూకాలు.

"ఏమీ చెయ్యకూడదు."

పిల్లలూ, నూకాలుకి అన్నిటికంటే కష్టమైన పని అదే! పొద్దున్నే వెళ్ళి గోటితో బెరడు కొంచెం గీకి చూసేది. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. పచ్చగానే ఉండేది. మధ్యాహ్నం మళ్ళీ గీకేది. సాయంత్రం మళ్ళీ.

ఒకరోజు బంగారయ్య చూసేశాడు. "నూకాలూ! ఈ చెట్టు చచ్చిందంటే ఎండకి కాదు, నీ గోకుడుకి చస్తుంది!"

నూకాలు చేతులు వెనక్కి పెట్టేసుకుంది. ఆ రోజు నుంచి గీకలేదు. పక్కన కూర్చునేది, అంతే.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఈదురుగాలి, ఉరుములు, కుండపోత! వాగు పొంగింది. ఇంటి వెనక దబ్బున పెద్ద చప్పుడైంది. వాన తగ్గాక అందరూ వెళ్ళి చూశారు. వెనక పెరడు లేదు. నిమ్మచెట్టు ఉన్న చోటు, గాడి, దడి, అన్నీ వాగులో కలిసిపోయాయి.

అచ్చియ్యమ్మ వాగులోకి తొంగి చూసింది. "చెట్టుని ఇక్కడే ఉంచి ఉంటే పోయేదే కదే!" అంది మెల్లగా.

నూకాలు ఇంటి ముందుకి పరిగెత్తింది. తాటాకు ఎగిరిపోయింది. మోడు అలాగే నిలబడి ఉంది. దగ్గరకి వెళ్ళింది. పెద్ద కొమ్మ కొరికేసిన చోట, పేడ ముద్ద పక్కన, ఎర్రగా ఒక చుక్క. ఇంకొంచెం దగ్గరకి వెళ్ళింది. చుక్క కాదు, చిగురు! దాని కింద ఇంకొకటి. అటు వైపు ఇంకొకటి.

"బంగారయ్యా! మామా! పిన్నీ! వేసిందీ! చిగురేసిందీ!"

అందరూ వచ్చారు. అప్పలకొండ వంగి చూశాడు. అచ్చియ్యమ్మ అటూ ఇటూ తల తిప్పి చూసి, చివరికి బంగారయ్య వైపు తిరిగింది. "ఒరే, మా ఇంటి దగ్గర బొప్పాయి కూడా కాస్త చూసి పెట్టకూడదూ?"

"కొరకడానికా?" అన్నాడు బంగారయ్య.

అందరూ పకపకా నవ్వారు. నూకాలు నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

"కాయలెప్పుడు కాస్తుంది?" అని అడిగింది కళ్ళు తుడుచుకుంటూ.

"జబ్బు పడి ఇప్పుడే లేచి కూర్చుంది. అప్పుడే నీళ్ళు మొయ్యమంటావా? రెండేళ్ళు దాని జోలికి పోకు."

నూకాలు సరే అంది. తడి నేల మీదే, చెట్టు పక్కన ఒత్తిగిల్లి పడుకుంది. చాలా రోజుల తరవాత ఆదమరిచి నిద్రపోయింది.

నీతి: బతికించుకోవాలనుకున్నప్పుడు కొంత వదులుకోవాలి. వదులుకున్నాక, చిగురేసేదాకా ఓపిక పట్టాలి.