గుర్తురాళ్ళు

అనగా అనగా దారులు లేని కొండల నడుమ ఒక రాజ్యం. ఆ రాజ్యానికొక రాజు. ఆ రాజుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చంద్రసేనుడు, చిన్నవాడు ఉదయసేనుడు.

రాజ్యం అంచున మూడు శిఖరాలుండేవి. మూడవ శిఖరం మీద ఒక మాంత్రికుడు హేమలేఖ అనే రాకుమార్తెను చెరపట్టాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉన్నది. ఆమెను విడిపించడానికి వెళ్ళిన చంద్రసేనుడు మూడు పున్నములు గడిచినా తిరిగి రాలేదు.

"వాణ్ణి తీసుకురా నాయనా. ప్రాణంతో లేకపోతే జాడైనా తీసుకురా" అన్నాడు ముసలిరాజు.

ఉదయసేనుడు తొందరపడే మనిషి కాడు. నెల రోజులు సన్నాహం చేశాడు. కొండమేకను అడిగి కాలు నిలిచే రాతి అంచులు తెలుసుకున్నాడు. ఎలుగుబంటిని అడిగి నీటి ఊటలు తెలుసుకున్నాడు. గద్దను అడిగి ఏ జామున ఏ గాలి వీస్తుందో తెలుసుకున్నాడు. నారతాళ్ళు పేనించాడు, పేలపిండి మూటలు కట్టించాడు.

"పెళ్ళికి కూడా ఇంత ఏర్పాటు చెయ్యరయ్యా" అన్నది ఎలుగుబంటి.

"పెళ్ళికి వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు" అన్నాడు ఉదయసేనుడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉన్నది. దారిలేని కొండ ఎక్కేవాడు మలుపు మలుపునా మూడు రాళ్ళు పేర్చి వెళ్ళాలి. దిగేటప్పుడు వాటిని చూసుకుంటూ దిగి, తన చేతితోనే పడదొయ్యాలి. మూడు పున్నములు దాటినా నిలిచి ఉన్న గుర్తు చనిపోయినవాడిది. తోడబుట్టినవాళ్ళు దానిని పడదోస్తే తప్ప ఆ ఆత్మ కొండ దిగదని నమ్మకం.

మొదటి శిఖరం మీద అన్న పేర్చిన రాళ్ళు కనిపించాయి. "ఇక దిగిరా అన్నా" అని ఉదయసేనుడు ఏడుస్తూ పడదోశాడు.

"పైదాకా చూసి, దిగేటప్పుడు పడదొయ్యరాదా?" అన్నది తోడు వచ్చిన గద్ద.

"పున్నములు నేను తప్పు లెక్కపెట్టను. నాలుగు."

రెండవ శిఖరం మీద రాళ్ళూ పడదోశాడు. మంచు కమ్మినా తడుముకుంటూ ఎక్కి, మూడవ శిఖరం వాలులోనూ పడదోశాడు.

పైన పంజరం తలుపు తెరిచి ఉన్నది. చిలుక మెడ విరిగి పడి ఉన్నది. మాంత్రికుడు బూడిదకుప్ప అయ్యాడు. గడప మీద హేమలేఖ కూర్చుని ఉన్నది.

"అప్పుడే వచ్చేశారా? డోలీ ఏది?" అని, ముఖం చూసి ఆగిపోయింది. "మీరు ఆయన కాదు. పోలిక ఉన్నది."

"ఎవరాయన?"

"చంద్రసేనులవారు. ఆ చిలుక కోసం ఇన్నాళ్ళూ మాటువేసి, ఈ ఉదయమే పట్టారు. నా కాలు బెణికింది. గుర్తులు చూసుకుంటూ దిగి, డోలీ తెస్తానని వెళ్ళారు."

మంచులో ఏ వంపు దగ్గరో అన్నదమ్ములు ఒకరినొకరు దాటిపోయారు. ఉదయసేనుడు మూడు రోజులు పేరు పెట్టి పిలిచాడు. నాలుగవ రోజు మంచు విడింది. గద్ద ఎగిరి వెళ్ళి చూసి వచ్చింది.

"రెండవ శిఖరం కింది లోయలో ఉన్నాడు. నువ్వు రాళ్ళు పడదోసిన మలుపులోనే జారాడు" అన్నది.

ఉదయసేనుడు అన్నను ఆ లోయలోనే మట్టిచేసి, హేమలేఖను వీపున కట్టుకుని కొండ దిగాడు. ఊరంతా మేళతాళాలతో ఎదురువచ్చింది.

"పెద్దవాడేడీ?" అన్నాడు రాజు.

"మాంత్రికుడు చంపాడు నాన్నగారూ."

హేమలేఖ తల వంచుకున్నది.

వారిద్దరికీ వైభవంగా పెళ్ళి జరిగింది. ఉదయసేనుడు అరవై ఏళ్ళు రాజ్యమేలాడు. నెలకు మూడు వానలు కురిశాయి. ఏటేటా వసంతోత్సవంలో వందిమాగధులు ఆయన చిలుకను చంపిన తీరును పాడేవారు. రాజు చివరిదాకా విని, తన చేతితోనే వారికి పట్టుశాలువలు కప్పేవాడు.